అమ్మకి టీఎస్‌హెచ్ 86, గుండెలో స్టెంట్ ఉంది. థైరాయిడ్ మాత్రతో దడ వచ్చి ఆపేశాం. ఏ డాక్టర్ మాట వినాలి?

కళింగపట్నం_లైట్‌హౌస్
జూన్ 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. అమ్మకి 63 ఏళ్లు, 58 కిలోలు. రెండేళ్ల కిందట ఒక స్టెంట్ వేశారు.

సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి మనిషి మందగించింది. గొంతు బొంగురుపోయింది, మాట ముద్దగా వస్తోంది, పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు. మే నెల ఎండల్లో అందరం ఉడికిపోతుంటే తను ఫ్యాన్ కట్టేయమంటుంది. మేడ మీద వడియాలు పెడతానని ఎక్కి, సగం మెట్ల మీదే కూర్చుండిపోయింది. స్టెంట్ ఉన్న మనిషి కదా అని గుండె డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం. ఈసీజీలో గీతలు బాగా పొట్టిగా ఉన్నాయన్నారు. నాడి 50, బీపీ 140/100. ఎకోలో గుండె చుట్టూ కొద్దిగా నీరు ఉంది, పంపింగ్ బాగానే ఉంది. అప్పుడు థైరాయిడ్ పరీక్ష రాశారు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ తగ్గితే పెరిగే అంకె) 86, ఫ్రీ టీ4 (రక్తంలో ఉన్న థైరాయిడ్ హార్మోన్) 0.3. రోజూ కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటున్నా చెడ్డ కొలెస్ట్రాల్ 190.

ఆ రిపోర్టు పట్టుకుని ఇంటి దగ్గరి డాక్టర్‌కి చూపిస్తే వంద మైక్రోగ్రాముల మాత్ర రాశారు. ఆరో రోజు రాత్రి అమ్మ నన్ను లేపి, "ఏటమ్మా ఇది, గుండి బయటికొచ్చీసేలాగుంది" అంది. మర్నాడు వీధి చివర పాల దుకాణం దాకా నడిస్తే ఛాతీలో బిగుతు. భయమేసి ఆపేశాం.

గుండె డాక్టర్‌ని అడిగితే థైరాయిడ్ మందు రాసినాయన్నే అడగమన్నారు. ఆయన్ని అడిగితే గుండె వాళ్లు సరేనంటేనే మళ్లీ రాస్తానన్నారు. మాత్ర ఆపి తొమ్మిది రోజులైంది. ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలి?


వేదిక_కాపలా
జూన్ 11, రాత్రి 9:58

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. ఇక్కడ ఎవరూ ఎవరికీ "ఇంత డోసు వేసుకో" అని చెప్పకూడదు. అనుభవం చెప్పండి, వైద్యంలో ఉన్నవాళ్లు కారణం చెప్పండి. లైట్‌హౌస్ గారూ, ఆ బిగుతు ఇప్పుడు కూడా ఉందా? కూర్చున్నప్పుడు వస్తున్నా, చెమటలు పడుతున్నా ఈ చర్చ మూసేసి 108కి చేయండి.


కళింగపట్నం_లైట్‌హౌస్
జూన్ 11, రాత్రి 10:05

మాత్ర ఆపిన నాలుగైదు రోజులకి తగ్గిందండీ. ఇప్పుడు నడిచినా రావట్లేదు. కానీ పగలంతా మగతగా పడుకునే ఉంటోంది.


బొబ్బిలి_బుజ్జి
జూన్ 11, రాత్రి 10:20

మా పిన్నికి ఇలాగే అయితే ఆకుకూరల రసం ఏదో తాగింది, ధనియాల నీళ్లు కూడా. నలభై రోజుల్లో థైరాయిడ్ మాయం. మాత్రలు ఒకసారి మొదలెడితే జన్మంతా వదలవు, జాగ్రత్త.


రాజాం_రౌండ్స్
జూన్ 11, రాత్రి 11:15

బుజ్జీ, ధనియాల నీళ్లు దాహానికి మంచివి. టీఎస్‌హెచ్ 86 ఉన్న స్టెంట్ పేషెంట్‌కి అవి వైద్యం కాదు. జన్మంతా వదలనిది మాత్ర కాదు, జబ్బు. గ్రంథి తయారు చేయలేని హార్మోన్‌నే మనం బయటి నుంచి ఇస్తున్నాం.

లైట్‌హౌస్ గారూ, నేను జనరల్ ఫిజీషియన్‌ని. మీ అమ్మగారిని చూడలేదు కాబట్టి డోసు చెప్పను. జరిగిందేమిటో మాత్రం చెబుతాను.

థైరాయిడ్ హార్మోన్ తగ్గితే గుండె మెల్లగా, బలహీనంగా కొట్టుకుంటుంది. రక్తనాళాలు బిగుసుకుని బీపీలో కింది అంకె పెరుగుతుంది, మీరు రాసిన 100 అదే. కాలేయం చెడ్డ కొలెస్ట్రాల్‌ని లాగేసుకోవడం తగ్గిపోతుంది, అందుకే మాత్ర వేసుకుంటున్నా 190 ఉంది. గుండె చుట్టూ నీరు చేరడం, ఈసీజీ గీతలు పొట్టిగా రావడం కూడా ఇందులో తెలిసినవే. అంటే గుండె జబ్బు ముదిరిందని మీరు అనుకుంటున్న వాటిలో చాలా భాగం థైరాయిడ్‌దే.

మరి మాత్ర వేస్తే ఎందుకు వికటించింది? ఇన్నాళ్లూ మెల్లగా నడుస్తున్న గుండెకి ఆక్సిజన్ కూడా తక్కువే సరిపోయింది. ఒక్కసారిగా పూర్తి డోసు పడగానే వేగం పెరిగింది, ఆక్సిజన్ అవసరం పెరిగింది. రక్తనాళం ఎక్కడైనా సన్నగా ఉంటే ఆ అవసరానికి తగ్గ రక్తం అందదు. ఛాతీలో బిగుతు అక్కడి నుంచి వస్తుంది.

మామూలు ఆరోగ్యం ఉన్న నడివయసు వాళ్లకి కిలోకి 1.6 మైక్రోగ్రాముల లెక్కన నేరుగా పూర్తి డోసు ఇస్తారు. మీ అమ్మగారి బరువుకి అది 93 దాకా వస్తుంది. ఆ డాక్టర్ వంద అని రాసింది బహుశా ఈ లెక్కలోనే. ఆయన మరిచిపోయింది స్టెంట్‌ని. వయసు మళ్లినవాళ్లకీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకీ 12.5 తోనో 25 తోనో మొదలెట్టి, ఆరేడు వారాలకోసారి కొంచెం కొంచెంగా పెంచుతారు.

కాబట్టి మందు తప్పు కాదు, మొదలెట్టిన తీరు తప్పు. పూర్తిగా ఆపేసి కూర్చోవడం కూడా ప్రమాదమే. మగత పెరిగినా, ఒళ్లు చల్లబడినా, తికమకగా మాట్లాడినా ఆలస్యం చేయకండి.


సిరిమాను_వీధి
జూన్ 12, ఉదయం 6:30

మాది విజయనగరం. అక్కా, ఇద్దరు డాక్టర్ల మధ్య బంతిలా తిరగడం మాకూ అయింది. నేను చేసింది ఏమిటంటే, ఒకే ఫైల్ పెట్టి పైన ఒక తెల్లకాగితం అతికించాను. స్టెంట్ ఎప్పుడు వేశారు, ఇప్పుడు వేసుకుంటున్న ప్రతి మాత్ర, థైరాయిడ్ మాత్ర ఏ తేదీన మొదలైంది, ఏ రోజు ఏం అనిపించింది. గుండె డాక్టర్‌ని ఒక్కటే అడిగాను, "తక్కువ డోసుతో మొదలెట్టడానికి మీకు అభ్యంతరం లేదని ఈ కాగితం మీద రాయండి" అని. రాశారు! నోటితో అడిగితే తోసేస్తారు, కాగితం ముందు పెడితే రాస్తారు.

ఈసీజీ కాగితాలకి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకో. కొన్నాళ్లకి ఆ గీతలు వెలిసిపోతాయి. మా నాన్నగారి పాత ఈసీజీ డాక్టర్‌కి చూపిద్దామని తీస్తే గులాబీ రంగు గళ్లు తప్ప ఏమీ మిగల్లేదు.


నాగావళి_గట్టు
జూన్ 12, ఉదయం 7:10

విశాఖ కేజీహెచ్‌లో (పెద్ద సర్కారు ఆసుపత్రి) ఎండోక్రైనాలజీ, అంటే థైరాయిడ్ లాంటి హార్మోన్ జబ్బుల విభాగం ఉంది, గుండె విభాగమూ అక్కడే. ఆమదాలవలసలో పొద్దున్న బండెక్కితే ఓపీ టైముకి అందుకోవచ్చు. పెద్దావిడతో క్యూ కష్టం, ఇద్దరు వెళ్లండి. ఒకరు చీటీకి, ఒకరు అమ్మ దగ్గర.


పాతిక_మాత్ర
జూన్ 12, మధ్యాహ్నం 1:45

చీపురుపల్లి దగ్గర మందుల షాపు నాది. ఒక చిన్న హెచ్చరిక. థైరాయిడ్ మాత్రల్లో 12.5 ఉంది, 125 కూడా ఉంది. చీటీలో చుక్క సరిగ్గా పడకపోతే పదింతలు తేడా. మా కుర్రాడు ఒకసారి 125 సీసా తీసి బల్ల మీద పెట్టాడు. పేషెంట్ ముసలాయన, గుండె మాత్రలు కూడా అదే చీటీలో ఉండడం చూసి నాకు అనుమానం వచ్చింది, డాక్టర్‌కి ఫోన్ చేస్తే పన్నెండున్నర అన్నారు. ఆయన వెళ్లాక పది నిమిషాలు నా చేతులు వణికాయి.

కొన్నాక సీసా మీది అంకెని డాక్టర్‌కో, షాపువాడికో చూపించి "పన్నెండున్నరేనా" అని నోటితో అడగండి. సిగ్గుపడొద్దు.


టెన్షన్_తమ్ముడు
జూన్ 12, సాయంత్రం 6:20

అక్కా, మీ థ్రెడ్‌లో నా గోల పెడుతున్నందుకు క్షమించండి. నాకు 27. టెక్కలి. టీఎస్‌హెచ్ 6.8, టీ4 నార్మల్. నాకూ గుండె దడ. నేను కూడా మాత్ర మొదలెట్టాలా?


రాజాం_రౌండ్స్
జూన్ 12, రాత్రి 10:50

తమ్ముడూ, టీ4 నార్మల్‌గా ఉండి టీఎస్‌హెచ్ పది లోపు ఉంటే చాలామందికి వెంటనే మాత్ర అక్కర్లేదు. రెండు మూడు నెలలాగి మళ్లీ చేయిస్తే కొందరికి దానంతటదే సర్దుకుంటుంది. యాంటీ టీపీఓ (మన ఒళ్లే థైరాయిడ్ మీద దాడి చేస్తోందేమో చూసే రక్తపరీక్ష) కూడా చేయించు, అది ఉంటే ముందు ముందు పెరిగే అవకాశం ఎక్కువ. పైగా థైరాయిడ్ తగ్గితే సాధారణంగా గుండె మెల్లగా కొట్టుకుంటుంది. నీ దడకి వేరే కారణం వెతకాలి. హిమోగ్లోబిన్ ఎంత? రోజుకి ఎన్ని టీలు? నిద్ర ఎంత?


టెన్షన్_తమ్ముడు
జూన్ 12, రాత్రి 11:02

టీలు ఏడెనిమిది. నిద్ర... గ్రూప్ టూకి చదువుతున్నానండీ.


రాజాం_రౌండ్స్
జూన్ 12, రాత్రి 11:04

సరే. ఇక పడుకో.


జీడితోట_పలాస
జూన్ 13, ఉదయం 8:15

ఎక్కువ డోసు కథ కూడా ఒకటి వినండి. మా మావయ్య బరువు తగ్గుతానని ఎవరినీ అడక్కుండా వంద మాత్రని నూట యాభై చేసుకున్నారు. ఏడాది పాటు పరీక్షే లేదు. ఇంట్లో బీపీ మిషన్ పెడితే ప్రతిసారీ తెర మీద గుండె బొమ్మ మిణుకుమిణుకుమంటోంది. బ్యాటరీ అయిపోయిందని రెండుసార్లు సెల్స్ మార్చారు! నాడి క్రమం తప్పితే కొన్ని మిషన్లలో ఆ గుర్తు వస్తుందని నర్సు చదువుతున్న మా చెల్లి పట్టుకుంది. ఈసీజీ తీస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పైగదులు లయ తప్పి కొట్టుకోవడం), టీఎస్‌హెచ్ 0.02. డోసు తగ్గించాక కూడా లయ సర్దుకోవడానికి నెలలు పట్టింది. తక్కువైనా గుండెకే, ఎక్కువైనా గుండెకే.


వాల్వు_వరలక్ష్మి
జూన్ 13, రాత్రి 8:30

నేను వాల్వు మార్పించుకున్న మనిషిని, రక్తం పల్చబడే మాత్ర వాడతాను. థైరాయిడ్ మాత్ర మొదలెట్టిన నెలన్నరకి పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం. ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పల్చబడిందో చెప్పే పరీక్ష) 4.8 ఉంది. పల్చబడే మాత్ర నేనేం పెంచలేదు. థైరాయిడ్ సర్దుకునే కొద్దీ ఆ మాత్ర ప్రభావం పెరుగుతుందట, నాకు ముందు ఎవరూ చెప్పలేదు. అసిట్రోమ్ లాంటివి వేసుకునేవాళ్లు థైరాయిడ్ డోసు మారినప్పుడల్లా ఐఎన్‌ఆర్ తొందరగా చేయించుకోండి. స్టెంట్‌కి వేసుకునే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఈ కోవలోవి కావు, లైట్‌హౌస్ గారు కంగారు పడక్కర్లేదు.


కళింగపట్నం_లైట్‌హౌస్
జూన్ 21, రాత్రి 9:10

విశాఖ వెళ్లొచ్చాం. తెల్లకాగితం పని చేసింది, సిరిమాను గారూ! ముందు గుండె వాళ్లు ఈసీజీ, రక్తంలో ట్రోపోనిన్ చూసి, అటాక్ ఏమీ రాలేదన్నారు. నాడి వేగం తగ్గించే మెటోప్రొలాల్ సగానికి తగ్గించారు. "పూర్తిగా ఆపను, థైరాయిడ్ మందు పెంచేటప్పుడు గుండెకి అదే కాపలా" అన్నారు. థైరాయిడ్ డాక్టరమ్మ పన్నెండున్నరతో మొదలెట్టారు. నెల తర్వాత పాతిక. బిగుతు మళ్లీ వస్తే పెంచడం ఆపి, యాంజియోగ్రామ్ సంగతి చూద్దామన్నారు. నీరు తీయనక్కర్లేదట, హార్మోన్ సర్దుకుంటే నెలల మీద అదే ఇంకుతుందట.

షాపులో "పన్నెండున్నరేనా" అని మూడుసార్లు అడిగాను. ఆయన విసుక్కున్నాడు. విసుక్కోనీ.


కళింగపట్నం_లైట్‌హౌస్
డిసెంబర్ 2, రాత్రి 8:45

చాలా రోజులకి వచ్చాను. ఆగస్టు ఆఖరుకి టీఎస్‌హెచ్ 61, అక్టోబర్‌లో ఏభై డోసు మీద 22. సంతోషించాం. అప్పుడు 62.5 చేశారు. నిన్న చేయిస్తే 31! డోసు పెంచితే టీఎస్‌హెచ్ కూడా పెరగడమేంటి? శుక్రవారం డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, ఇంకా పెంచేస్తారేమోనని భయంగా ఉంది. అమ్మ ఒక్క రోజు కూడా మానలేదని ఒట్టేసి చెబుతోంది.


రాజాం_రౌండ్స్
డిసెంబర్ 2, రాత్రి 10:30

డోసు మారాక ఆరు వారాలు దాటాయి కాబట్టి పరీక్ష తొందరపడి చేయించింది కాదు. ఈ మందు ఒంట్లో సగం తగ్గడానికే వారం పడుతుంది, ఒకటి రెండు పూటలు మరిచిపోయినంత మాత్రాన 31 రాదు. మందు కడుపులోకి వెళ్తోంది, రక్తంలోకి వెళ్లట్లేదనుకుంటా. అక్టోబర్ తర్వాత కొత్త మాత్ర ఏదైనా చేరిందా?


పాతిక_మాత్ర
డిసెంబర్ 2, రాత్రి 10:41

మేడమ్, అమ్మగారిని అడగొద్దు. రేపు పొద్దున్న దగ్గర కూర్చుని చూడండి. ఏమీ చెప్పకుండా, ఊరికే చూడండి.


కళింగపట్నం_లైట్‌హౌస్
డిసెంబర్ 3, ఉదయం 7:20

చూశాను.

అయిదున్నరకి లేచింది. పొయ్యి వెలిగించి టీ పెట్టింది. పొయ్యి పక్క గూట్లోంచి పోపుల డబ్బా తీసింది. ఆవాలకీ మెంతులకీ మధ్య గిన్నెలో థైరాయిడ్ మాత్రలు! సీసాలోంచి అన్నీ అందులో వంపేసింది. కాస్త జీలకర్ర కూడా అంటుకుని ఉంది. ఒక మాత్ర తీసి, జీలకర్ర ఊది, రెండో గిన్నెలోంచి ఇంకో పెద్ద తెల్ల మాత్ర తీసి, రెండూ నోట్లో వేసుకుని పాల టీతో మింగేసింది.

ఆ తెల్లది కాల్షియం. కార్తీకమాసంలో మోకాళ్ల నొప్పులని వీధిలో డాక్టర్ రాశారట, నాకు తెలియనే తెలియదు. "ఎముకలకి మంచిదే కదమ్మా, పోపు వేసినప్పుడు గుర్తొస్తాదని అక్కడెట్టీసేను" అంది. ఒక్క రోజు మానలేదన్నది మాత్రం నిజమే.


పాతిక_మాత్ర
డిసెంబర్ 3, ఉదయం 7:35

జీలకర్ర ఊదడం నేనెప్పుడూ వినలేదు 😄

కాల్షియం, ఐరన్ మాత్రలు ఈ మందుని పట్టేసుకుంటాయి, నాలుగు గంటల ఎడం కావాలి. టీ, కాఫీ, పాలు కూడా అడ్డమే. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా ఏమీ తీసుకోకూడదు. పొయ్యి వేడికీ తేమకీ మందు బలం తగ్గుతుంది, సీసాలోనే ఉండాలి. వంపేసినవి వాడకండి, కొత్త సీసా తీసుకోండి. గ్యాస్ మాత్ర వేసుకుంటుంటే అదీ డాక్టర్‌కి చెప్పండి.


రాజాం_రౌండ్స్
డిసెంబర్ 3, మధ్యాహ్నం 2:10

శుక్రవారం డాక్టరమ్మకి పోపుల డబ్బా కథ మొత్తం చెప్పండి, సిగ్గనిపించినా సరే. చెప్పకపోతే 31 చూసి డోసు పెంచుతారు. మీరేమో ఇంట్లో టీ, కాల్షియం ఎడం పెడతారు. రెండూ కలిస్తే ఒక్కసారిగా ఎక్కువ మందు రక్తంలోకి వెళ్తుంది. జూన్‌లో వంద మాత్రతో జరిగిందే మళ్లీ జరగవచ్చు. ఆ గుండెకి ఇది చాలా ముఖ్యం.


సోంపేట_సుబ్బులు
డిసెంబర్ 3, సాయంత్రం 5:00

నేనూ ఐరన్, థైరాయిడ్ కలిపే వేసుకుంటున్నాను రెండేళ్లుగా. ఇవాళ ఇది చదివి రెండు సీసాలు వేరే గదుల్లో పెట్టాను. అన్నట్టు చోడి (రాగి) అంబలి మానాలా? క్యాబేజీ మానమన్నారు, గంటెలు (సజ్జలు) మానమన్నారు. ఇంక తినడానికి ఏం మిగిలింది?


రాజాం_రౌండ్స్
డిసెంబర్ 3, రాత్రి 9:40

చోడి అంబలి హాయిగా తాగండి, మాత్రకీ దానికీ గంట ఎడం చాలు. ఉడికించిన క్యాబేజీతో భయం లేదు. గంటెలే మూడు పూటలా తిని బతికేవాళ్లకైతే ఆలోచించాలి, అప్పుడప్పుడూ గంటి రొట్టె తింటే ఏమీ కాదు. ఇంకొకటి, జుట్టుకని బయోటిన్ వేసుకుంటుంటే పరీక్షకి రెండు రోజుల ముందు ఆపండి. కొన్ని మిషన్లలో అది టీఎస్‌హెచ్‌ని తప్పుగా తక్కువ చూపిస్తుంది.


కళింగపట్నం_లైట్‌హౌస్
ఫిబ్రవరి 9, రాత్రి 9:15

డాక్టరమ్మ డోసు పెంచలేదు. అదే 62.5, మంచినీళ్లతో, తెల్లవారుజామున అయిదున్నరకి. కాల్షియం మధ్యాహ్నం అన్నం తర్వాత. మొన్న టీఎస్‌హెచ్ 5.8. ఈ వయసుకి, ఈ గుండెకి ప్రస్తుతం ఇది చాలు, ఇంకా లాగనక్కర్లేదన్నారు. ఎకోలో నీరు దాదాపు లేదు. నాడి 66. చెడ్డ కొలెస్ట్రాల్ పాత మాత్రతోనే 78కి దిగింది. బిగుతు మళ్లీ రాలేదు. గొంతు కూడా పాతది వచ్చేసింది, పాలవాడితో దెబ్బలాట మళ్లీ మొదలైంది.

రథసప్తమికి అరసవల్లి వెళ్లాం. అంత రద్దీలో తనే ముందు నడిచింది, నేను వెనక చెప్పులు పట్టుకుని.

ఒక్క సందేహం మాత్రం మిగిలింది. శివరాత్రికి ఉపవాసం, పచ్చి మంచినీళ్లయినా ముట్టనంటోంది. మాత్ర సంగతేంటి?


సిరిమాను_వీధి
ఫిబ్రవరి 9, రాత్రి 9:32

మా అమ్మకి మా పురోహితుడి చేత చెప్పించాను, మందుకి తాగే నీళ్లు లెక్కలోకి రావని. నేను చెప్తే వినదు. మీ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో చూడండి అక్కా.


కళింగపట్నం_లైట్‌హౌస్
ఫిబ్రవరి 9, రాత్రి 9:36

పాలవాడి మాట తప్ప అందరి మాటా వింటుంది. రేపు పంతులు గారికి ఫోన్ చేస్తాను.